అప్పు, డిక్రీ, సరిహద్దు



ఆ మధ్య ఒక సాయంత్రం బడి నుంచి ఇంటికి వచ్చేసరికి, మా అడవిపొలం కౌలురైతు ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. "మాస్టారూ, ఇంగ్లీషులో ఉందండి. ఏటో ఓసారి చూసి చెప్పండి" అన్నాడు.

చూశాను. అది కోర్టు నోటీసు. సరిహద్దు అవతల ఆంధ్ర ప్రాంతంలో ఉన్న ఒక షావుకారు ప్రోనోటు మీద దావా వేశాడు. అక్కడి కోర్టు డిక్రీ ఇచ్చింది. ఆ డిక్రీని అమలు కోసం యానాం కోర్టుకు పంపారు. మీ ఇల్లు ఎందుకు జప్తు చేయకూడదో చెప్పుకోవలసిందని దాని సారాంశం. సంగతి తెలుగులో చెప్పాను. ఆయన కంగారు పడతాడనుకుంటే నవ్వాడు. "ఆయ్, ఆంధ్రా కోర్టు కాయితం యానాంలో చెల్లదు కదండీ! గట్టు దాటితే అప్పు దాటినట్టే అని మా తాత చెప్పేవాడు" అన్నాడు.

ఆ తాత అబద్ధం చెప్పలేదు. ఆయన కాలంలో అది చాలావరకు నిజం. కానీ తాత చనిపోయాడు, ఆ నిజమూ ఆయనతోనే పోయింది. మాట మాత్రం మనవడి దగ్గర మిగిలింది. ఆ మాట నమ్ముకునే ఆయన మొదటి సమన్లు పుచ్చుకోలేదు. పుచ్చుకోకపోతే కేసు నడవదనుకున్నాడు.

షావుకారు కోర్టులో గెలిచాక బాకీదారుకు ఏ దారులు మిగులుతాయి? మన సరిహద్దు ప్రాంతంలో ఆ దారులు నిన్న ఎలా ఉండేవి, నేడు ఎలా ఉన్నాయి? ఈనాటి ప్రసంగంలో ఈ సంగతి చెప్పుకుందాం. నేను వకీలును కాను, పిల్లలకు చరిత్ర పాఠం చెప్పే బడిపంతులును. కాబట్టి పాఠం చెప్పినట్టే మొదటి నుంచీ చెబుతాను.

ముందు ఫ్రెంచివారి కాలం. యానాం ఫ్రెంచి ఏలుబడిలో ఉన్నా చుట్టూ ఉన్నది బ్రిటిషు వారి గోదావరి జిల్లా. ఆ రోజుల్లో సరిహద్దు అంటే పెద్ద గోడేమీ కాదు. ఒక పొలం గట్టు, ఒక కాలవ, ఒక తాటిచెట్టు. కానీ చట్టానికి అది రెండు రాజ్యాల మధ్య గీత. 1929లో బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం వచ్చినప్పుడు, బ్రిటిషు ప్రాంతం నుంచి ఎందరో పిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి యానాం వచ్చిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నాం. గట్టు ఇటు తప్పు, గట్టు అటు ఒప్పు. అప్పు విషయంలోనూ అలాంటిదే ఒక తేడా ఉండేది.

1819 జనవరి 6న పుదుచ్చేరి నుంచి వెలువడిన ఉత్తర్వుతో ఫ్రెంచి చట్ట సంహితలు భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలలో అమల్లోకి వచ్చాయి. పెళ్ళి, వారసత్వం వంటి ఇంటి వ్యవహారాలలో భారతీయులకు వారి వారి ఆచారాలే వర్తిస్తాయని ఆ ఉత్తర్వులోనే చెప్పారు. కోర్టు నడిచే పద్ధతి మాత్రం ఫ్రెంచి పద్ధతి. అందుచేత కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో బ్రిటిషు కోర్టు ఇచ్చిన డిక్రీ యానాంలో పరదేశపు తీర్పు. దాన్ని పట్టుకుని అమీనా నేరుగా వచ్చి యానాంలో గేదెను తోలుకుపోవడం కుదరదు. షావుకారు ఫ్రెంచి కోర్టు గడప తొక్కి, ఆ తీర్పును ఇక్కడ అమలు చేయడానికి అనుమతి సంపాదించుకోవాలి. అటు వైపూ అంతే. ఫ్రెంచి కోర్టు తీర్పు బ్రిటిషు ప్రాంతంలో చెల్లాలంటే ఆ తీర్పునే ఆధారం చేసుకుని అక్కడ కొత్తగా దావా వేయాలి. పైగా 1894లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఒక సూత్రం చెప్పింది. పరాయి రాజ్యంలో నివసించే మనిషి తమ కోర్టుకు రాకపోతే, అతని మీద సొమ్ము కోసం అతని పరోక్షంలో ఇచ్చిన తీర్పుకు బయట విలువ లేదన్నది దాని సారం. తాతగారి మాట వెనుక ఉన్న సత్యం ఇదే. గట్టు దాటితే అప్పు పోదు కానీ, షావుకారుకు ఖర్చూ తిప్పటా రెండింతలయ్యేవి. చిన్న బాకీ కోసం అంత దూరం వెళ్ళే షావుకార్లు తక్కువ.

మరి గట్టు దాటి పారిపోని మనిషికి, యానాంలోనే ఉండి యానాం కోర్టులోనే ఓడినవాడికి, ఫ్రెంచి చట్టం ఏమిచ్చింది? రెండు సంగతులు చెబుతాను. మొదటిది గడువు. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడులో 1244వ అధికరణం అనేది ఒకటి ఉంది. బాకీదారు పరిస్థితి చూసి, న్యాయమూర్తి అతనికి మితమైన గడువు ఇవ్వవచ్చు, ఆ గడువు తీరేదాకా అమలును ఆపవచ్చు. అయితే ఈ అధికారాన్ని ఆచితూచి వాడాలని అక్కడే హెచ్చరించారు కూడా.

రెండోది, జప్తు చేయకూడని వస్తువుల పట్టిక. 1806 నాటి ఫ్రెంచి సివిల్ ప్రొసీజరు కోడులో ఉంది. బాకీదారు, అతని పిల్లలు పడుకునే పక్కలు ముట్టుకోకూడదు. ఒంటిమీద బట్టలు తీయకూడదు. చేతిపనివాడి పనిముట్లు పట్టుకుపోకూడదు. ఇంట్లోవారికి ఒక నెలకు సరిపడే పిండి, తిండి సామాను వదలాలి. చివరగా ఒక ఆవునో, మూడు గొర్రెలనో, రెండు మేకలనో వదలాలి. ఏది కావాలో ఎంచుకునే హక్కు బాకీదారుదే. అంతేకాదు, ఆ జీవాలకు ఒక నెల మేత కూడా వదిలిపెట్టాలి. పిల్లలకు ఈ పట్టిక చదివి వినిపిస్తే నవ్వుతారు. కానీ దీంట్లో ఒక ఆలోచన ఉంది. మనిషి అప్పు తీర్చాలంటే ముందు బతికి ఉండాలి, పని చేసుకోగలగాలి. పాలిచ్చే ఆవును తోలుకుపోతే రేపటి బాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక గట్టు అవతల సంగతి చూద్దాం. 1929 తరువాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం కమ్ముకుంది. ధాన్యం ధర పడిపోయింది. ధర పడినా అప్పు పడదు కదా. పది బస్తాలు అమ్మితే తీరే బాకీకి ఇరవై బస్తాలు కావలసి వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో పల్లెటూళ్ళ అప్పు 150 కోట్ల రూపాయలని 1930 ప్రాంతంలో బ్యాంకింగు విచారణ సంఘం అంచనా వేసింది. 1935లో సత్యనాథన్ గారు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో అది 200 కోట్లకు చేరింది. కోర్టుల నిండా ప్రోనోటు దావాలే. టముకు వేసి పొలాలు వేలం వేస్తున్న రోజులు. ఆచార్య రంగా వంటి నాయకుల వెనుక ఆంధ్ర రైతులు కదిలారు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది ఆ కాలంలోనే.

1938 మార్చిలో రాజాజీ మంత్రివర్గం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. ఆ సంవత్సరపు 4వ చట్టం అది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా రద్దు. అసలు మాత్రం కట్టాలి. అసలుకు రెండింతల సొమ్ము ఇప్పటికే ఏదో ఒక రూపంలో చెల్లించి ఉంటే అసలు కూడా తీరినట్టే. ఒక లెక్క చెబుతాను. 1930లో 500 రూపాయలు నూటికి రూపాయి వడ్డీకి తెచ్చిన రైతు ఏడేళ్ళు ఏమీ కట్టలేదనుకోండి. వడ్డీ 420 అయింది. మొత్తం 920. ఈ చట్టం కింద అతను కట్టవలసింది 500. అదే రైతు ఈలోగా వెయ్యి రూపాయలు చెల్లించి ఉంటే, కట్టవలసింది సున్న.

మన విషయానికి ముఖ్యమైనది ఈ చట్టంలోని 19వ సెక్షను. చట్టం రాకముందే డిక్రీ పడిపోయినా, రైతు ఆ కోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే, కోర్టు తన డిక్రీని తానే తిరిగి లెక్క కట్టి తగ్గించాలి. అంటే, తీర్పు అయిపోయాక కూడా తలుపు మూసుకోలేదు. 20వ సెక్షను కింద రైతు కోరితే అమలు ఆపాలి. అయితే అమలు ఆపిన 60 రోజుల్లోగా ఆ తగ్గింపు దరఖాస్తు పెట్టకపోతే పాత డిక్రీ పాతట్టే అమలవుతుంది. ఈ అరవై రోజుల మాట గుర్తుపెట్టుకోండి. దానితో మళ్ళీ పని పడుతుంది.

షావుకార్లు ఊరుకున్నారా? కోర్టుకెక్కారు. ప్రోనోటు మీద చట్టం చేసే అధికారం కేంద్రానిదే కాని రాష్ట్రానిది కాదని వాదించారు. 1940లో ఫెడరల్ కోర్టు చెప్పిన తీర్పు విచిత్రంగా ఉంటుంది. ప్రోనోటు మీద డిక్రీ పడ్డాక ఇక అది ప్రోనోటు బాకీ కాదు, డిక్రీ బాకీ. ప్రోనోటు డిక్రీలో కలిసిపోయింది. డిక్రీ బాకీని తగ్గించే అధికారం రాష్ట్రానికి ఉంది. అందుచేత చట్టం చెల్లుతుంది అన్నది మెజారిటీ అభిప్రాయం. అంతవరకు డిక్రీ పడిందంటే రైతు తల మీద పిడుగు పడ్డట్టే. ఇప్పుడు ఆ డిక్రీయే అతనికి గొడుగైంది.

కానీ శ్రోతలారా, ఆ గొడుగు గట్టు దాటి యానాం రాలేదు. మద్రాసు శాసనసభ చేసిన చట్టం ఫ్రెంచి నేలకు వర్తించదు. తాళ్ళరేవు వైపు రైతుకు వడ్డీ రద్దయింది. అదే మాంద్యంలో, అదే గోదావరి నీళ్ళతో అదే వరి పండించిన యానాం వైపు రైతుకు 1938 చట్టం లేదు. అతనికి ఉన్నది న్యాయమూర్తి దయ చూపి ఇచ్చే గడువు, ఒక ఆవు లేదా మూడు గొర్రెలు. సరిహద్దు ఒక చేత్తో షావుకారును ఆపింది. రెండో చేత్తో రుణ విమోచనాన్ని కూడా ఆపింది. గట్టు దాటితే అప్పు దాటినట్టే అన్న తాతగారు చెప్పింది సగం కథే. మిగతా సగం ఇది.

1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన ముగిసింది. ఆ నవంబరు 1న మిగతా స్థావరాలతో పాటు పరిపాలన భారతదేశానికి దక్కింది. ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న, అది పూర్తిగా చట్టబద్ధమైనది 1962 ఆగస్టు 16న. జెండా మారినంత తొందరగా కోర్టు పద్ధతి మారలేదు. 1962 నవంబరు నుంచి మద్రాసు హైకోర్టు మన పై కోర్టయింది. భారత సివిల్ ప్రొసీజరు కోడు మాత్రం 1968లో పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చింది. అంటే మువ్వన్నెల జెండా ఎగిరిన పద్నాలుగేళ్ళ దాకా ఇక్కడ సివిలు వ్యవహారం ఫ్రెంచి పద్ధతిలో నడిచిందన్నమాట. తాతగారి మాట అంత గట్టిగా నాటుకుపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

1968తో గట్టు పోయింది. ఇప్పుడు ఏ కోర్టు ఇచ్చిన డిక్రీనైనా, బాకీదారు ఉన్న చోటికో అతని ఆస్తి ఉన్న చోటికో 39వ సెక్షను కింద బదిలీ చేయవచ్చు. కాకినాడ డిక్రీ యానాం వస్తుంది, యానాం డిక్రీ అమలాపురం వెళుతుంది. పై కోర్టులు వేరు. మనకు చెన్నైలోని మద్రాసు హైకోర్టు, గట్టు అవతలి వారికి అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. రాష్ట్రాలు చేసే రుణ విమోచన చట్టాలు కూడా వేరే. 1977లో ఆంధ్రప్రదేశ్ చిన్న రైతులకు, భూమిలేని కూలీలకు, పల్లెల్లోని చేతిపనివారికి ప్రైవేటు అప్పులు రద్దు చేస్తూ చేసిన చట్టం ఆ రాష్ట్రానికే. కానీ డిక్రీ అమలు పద్ధతి ఇటూ అటూ ఒకటే.

మరి ఈనాడు డిక్రీ పడ్డ మనిషికి ఉన్న దారులేమిటి? ఒక్కొక్కటే చూద్దాం. ప్రతి దారికీ ఒక గడువు ఉంది. దారికన్నా ముందు గడువును గుర్తుపెట్టుకోండి.

మొదటిది, మీరు కోర్టుకు వెళ్ళకుండానే డిక్రీ పడితే. దీన్ని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. సమన్లు మీకు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపించి, ఆ డిక్రీని రద్దు చేసి కేసు మళ్ళీ విచారించమని అడగవచ్చు. ఇది కోడులో 9వ ఆర్డరు 13వ రూలు. గడువు డిక్రీ నాటి నుంచి 30 రోజులు. సమన్లు అసలు అందనివారికి డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఈ దరఖాస్తు డిక్రీ ఇచ్చిన కోర్టులోనే వేయాలి. అమలు చేసే కోర్టు డిక్రీ మంచిదా చెడ్డదా అని చూడదు. ఒక మాట. సమన్లు పుచ్చుకోనని తిప్పి పంపితే అందనట్టు కాదు. అందినట్టే లెక్క.

రెండోది అప్పీలు. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు నకలు కోసం పట్టే రోజులు ఇందులోంచి మినహాయిస్తారు. ఆలస్యమైతే తగిన కారణం చెప్పుకోవచ్చు. అయితే అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు. స్టే విడిగా అడగాలి. సొమ్ము డిక్రీ అయితే కొంత డబ్బు కట్టమనో, జామీను ఇవ్వమనో కోర్టు అంటుంది. మా రైతుకు వచ్చినట్టు, ఇంకో కోర్టు నుంచి బదిలీ అయి వచ్చిన డిక్రీ అయితే, అసలు కోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకోవడానికి కొంత వ్యవధి ఇమ్మని ఇక్కడి కోర్టును అడగవచ్చు.

మూడోది వాయిదాలు. డిక్రీ పడ్డాక వాయిదాల మీద కడతానని అడగడానికి 30 రోజుల గడువు ఉంది. కానీ దీనికి డిక్రీదారు ఒప్పుకోవాలి. అందుకే కేసు నడుస్తుండగానే, బాకీ నిజమైతే ఒప్పుకుని వాయిదాలు అడగడం మేలు. తీర్పుకు ముందు అడిగితే, ఇచ్చే అధికారం న్యాయమూర్తి చేతిలో ఉంటుంది.

నాలుగోది, డబ్బు కట్టడం. ఇదేమి దారి అనుకోకండి. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. డిక్రీ పడ్డాక డబ్బు కోర్టులో కట్టాలి. లేదా మనియార్డరు, బ్యాంకు వంటి రాతపూర్వక రుజువు ఉండే పద్ధతిలో డిక్రీదారుకు పంపాలి. బయట కట్టిన సొమ్మును కోర్టులో నమోదు చేయించుకోవాలి. నమోదు కాని సొమ్మును అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. డిక్రీదారు తనకు తానుగా చెప్పకపోతే, బాకీదారు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. అప్పీలు ఆలస్యమైతే క్షమిస్తారు కానీ ఈ గడువు దాటితే ఆ వెసులుబాటు కూడా లేదు. ప్రోనోటు వెనక చెల్లు వేయించుకునే రోజులు దావాతో అయిపోయాయి. డిక్రీ తరువాత చెల్లు వేయవలసింది కోర్టు.

ఐదోది, జప్తు కాకూడని ఆస్తి. ఫ్రెంచివారి ఆవు, గొర్రెల పట్టిక వంటిదే మన కోడులో 60వ సెక్షను. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగలు. చేతిపనివాడి పనిముట్లు. సేద్యగాడి అరక సామాను, బతకడానికి అవసరమైన పశువులు, విత్తనపు గింజలు. రైతు, కూలీ, ఇంటి పనివారు తాము కాపురముంటున్న సొంత ఇల్లు. కూలివారి కూలి. ప్రావిడెంటు ఫండు. నెల జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు. రైతు అంటే సొంత భూమి ఉన్నవాడే కానక్కరలేదు. స్వయంగా సాగు చేస్తూ ప్రధానంగా దానిమీదే బతికే కౌలుదారు కూడా రైతే. కానీ ఇల్లు తనఖా పెట్టి అప్పు తెస్తే, ఆ తనఖా డిక్రీకి ఈ రక్షణ అడ్డు రాదు. మరో సంగతి. ఈ రక్షణ ఉందని కోర్టుకు మీరు చెప్పుకోవాలి. అమీనా గుమ్మంలోకి వచ్చి చెప్పడు.

ఆరోది వేలం. బాకీ ఎంతో అంతవరకే ఆస్తి అమ్మాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 1989లో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. రెండు వేల నాలుగు వందలకు కాస్త తక్కువ బాకీ కోసం పదెకరాల భూమి మొత్తం వేలం వేశారు. కొంత భాగం అమ్మితే సరిపోతుందా అని చూడడం కోర్టు ఇష్టం కాదు, కోర్టు విధి అన్నది ఆ తీర్పు. వేలం అయిపోయినా ఒక తలుపు ఉంది. వేలం నాటి నుంచి 60 రోజుల్లో బాకీ సొమ్మూ, దానితో పాటు కొన్నవాడికి కొనుగోలు సొమ్ము మీద నూటికి 5 వంతునా కోర్టులో కడితే వేలం రద్దవుతుంది. ఇదీ అరవై రోజులే. 1938 చట్టంలోని అరవై గుర్తుంది కదా.

ఏడోది జైలు భయం. అప్పు కట్టకపోతే జైల్లో వేస్తారని ఊళ్ళో బెదిరిస్తుంటారు. సొమ్ము డిక్రీ కోసం ఆడవారిని అరెస్టు చేయకూడదు. సూర్యుడు కుంకాక, పొద్దు పొడవకముందు ఇంట్లోకి రాకూడదు. డిక్రీ సొమ్ము 2,000 రూపాయలు దాటకపోతే నిర్బంధమే లేదు. 5,000 దాటినా మూడు నెలలకు మించదు. ముందుగా నోటీసు ఇచ్చి, విచారణ జరిపి, ఆ తరువాతనే. ఖైదులో ఉన్నన్నాళ్ళు తిండి ఖర్చు డిక్రీదారే కట్టాలి. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ కేరళ నుంచి వచ్చిన కేసులో తీర్పు చెబుతూ, చేతిలో డబ్బు లేకపోవడం నేరం కాదన్నారు. డబ్బు ఉండీ, దురుద్దేశంతో ఎగ్గొట్టేవాడికే నిర్బంధం వర్తిస్తుందని తేల్చారు. పేదరికం వల్ల కట్టలేనివాడికి ఆ భయం అక్కరలేదు. అయితే ఆస్తిని బావమరిది పేర రాసి చేతులెత్తేసేవాడికి ఈ తీర్పు అండ కాదు.

ఎనిమిదోది, మనవాళ్ళు "ఐ.పి. పెట్టాడు" అనే దారి. 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం కింద, అప్పులు తీర్చలేనివాడు తనకున్న ఆస్తి అంతా కోర్టు ముందు పెట్టి, దివాలాగా ప్రకటించమని కోరవచ్చు. ఊళ్ళో ఇది తిట్టులా వాడతారు కానీ, నిజాయితీగా చేసేవారికి ఇది చట్టం ఇచ్చిన దారే. ఆస్తి దాచినవారికి మాత్రం ఇది ఊబి.

చివరిగా, లోక్ అదాలత్. ఉచిత న్యాయ సహాయానికి 1987లో చేసిన చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్లీడరును ఉచితంగా ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఖర్చు తక్కువ. కానీ అక్కడ రాసుకున్నదీ డిక్రీయే, దాని మీద అప్పీలు లేదు. కట్టగలిగిన వాయిదాకే తల ఊపండి.

ఇవన్నీ వాడుకోకుండా మౌనంగా కూర్చుంటే ఏమవుతుంది? డిక్రీకి 12 ఏళ్ళ ఆయుష్షు. వడ్డీ రాసి ఉంటే అది నడుస్తూనే ఉంటుంది.

మళ్ళీ మా అడవిపొలం రైతు దగ్గరికి వస్తాను. ఆ మరునాడే ఆయన్ని ప్లీడరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయించే గడువు దాటిపోయింది. సమన్లు తిప్పి పంపిన సంగతి కాగితం మీద స్పష్టంగా ఉంది. అప్పుడు ఆయన ఇంకో సంగతి బయటపెట్టాడు. డిక్రీ పడిందని తెలిశాక, నిరుడు పంట అమ్మి షావుకారు చేతికి 20 వేలు ఇచ్చాడట. రసీదు లేదు. "పెద్దాయన కదండీ, రసీదేం అడుగుతాను" అన్నాడు. ఆ 20 వేలు అమలు లెక్కలోకి రాలేదు. ఆ రోజు ఆయన ముఖం నేను మరిచిపోలేను.

ఇల్లు మాత్రం నిలిచింది. ఆయన కౌలుకు చేస్తూ సేద్యం మీదే బతుకుతున్నాడనీ, ఆ ఇంట్లోనే కాపురముంటున్నాడనీ, 60వ సెక్షను కింద అది జప్తు కాకూడదనీ ప్లీడరు సమయానికి అభ్యంతరం వేశారు. కోర్టు ఒప్పుకుంది. మిగిలిన బాకీకి షావుకారు కూడా దిగివచ్చి వాయిదాలకు అంగీకరించాడు. ఇప్పుడు ప్రతి వాయిదా కోర్టులోనే కడుతున్నాడు. రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో, బియ్యం డబ్బాలో దాచాడు. "ఇల్లు నిలబెట్టినోడు మా తాత కాదండీ, టైముకి వేసిన ఆ కాయితం" అన్నాడు ఈ మధ్య.

నిజమే. 1938లో గోదావరి రైతుకు రుణ విమోచనం దక్కింది, అరవై రోజుల్లో దరఖాస్తు పెట్టుకున్నవాడికి. ఫ్రెంచి న్యాయమూర్తి గడువు ఇచ్చాడు, ఎదురుగా వెళ్ళి తన పరిస్థితి చెప్పుకున్నవాడికి. ఈనాడూ అంతే. కోర్టు కాగితం వస్తే చూరులో దోపకండి. మీకు భాష రాకపోతే మీ ఊరి బడిలో ఉన్న మాస్టారునో, టీచరమ్మనో అడగండి. చదివి చెప్పడం మా పని. ఆ తరువాత ఆలస్యం చేయకుండా ప్లీడరు దగ్గరికి వెళ్ళండి. మీ చేతి నుంచి కదిలే ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, అది పెద్దాయన చేతికిచ్చినా సరే.

గట్టు ఇప్పుడు లేదు. గడువు ఉంది.